తవుడు రుచి మరిగిన రొయ్య

ఒకప్పుడు గేదె కుడితిలో కలిసేది. తర్వాత చేపల చెరువులోకి దిగింది. ఇప్పుడు బెల్లంతో జతకట్టి, డ్రమ్ముల్లో పులిసి, వనామి రొయ్యకు విందవుతోంది. వరి గింజ మీద సన్నటి పొరగా పుట్టిన తవుడు గోదావరి డెల్టాలో ఎన్ని మలుపులు తిరుగుతోందో తెలుసుకోవాలంటే భీమవరం దారి పట్టాల్సిందే!

తెల్లవారుజామున నాలుగున్నర. భీమవరం నుంచి ఉండి వైపు వెళ్లే రోడ్డు మీద ఇంకా చీకటి వీడలేదు. అటూ ఇటూ ఉన్నది చేనో చెరువో కంటికి ఆనదు. చెవికి మాత్రం తెలిసిపోతుంది. చేనైతే కప్పల బెకబెకలు. చెరువైతే ఏరియేటర్ల హోరు. గట్టున వరసగా ట్యూబులైట్లు, వాటి కింద తెల్లటి నురుగు, ఆ నురుగు కింద లక్షల్లో రొయ్యలు. ఊరంతా నిద్రపోయే వేళ రొయ్యకు ఊపిరాడాలంటే ఆ చక్రాలు తిరుగుతూనే ఉండాలి. కరెంటు పోతే రైతు గుండె ఆగినంత పనవుతుంది.

గట్టు మీద షెడ్డు. షెడ్డు పక్కన నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు. మూత తీస్తే కల్లు కుండ దగ్గర వచ్చేలాంటి వాసన... పుల్లగా, తియ్యగా, కాస్త ఘాటుగా. లోపల ఉన్నది కల్లు కాదు. తవుడు, బెల్లం, ఈస్టు. నీళ్లు పోసి కలిపి, ఒకటి రెండు రోజులు పులియబెట్టిన కషాయం. పైకి తేరిన రసాన్ని వడగట్టి చెరువంతా చల్లుతారు. ఈలోగా చెరువులో దింపిన ట్రేను పైకి లాగి చూడటం కాపలా కుర్రాడి పని.

‘‘ఏరా, ట్రే ఖాళీయేనా?’’

‘‘ఖాళీయేనండి. నలుసు కూడా మిగల్లేదండి.’’

ఈ రెండు ముక్కల్లోనే ఆ రోజు జాతకం తేలిపోతుంది. ట్రేలో మేత మిగిలిందంటే రొయ్యకు ఏదో అయ్యిందని అర్థం. మేత తగ్గించాలి. ఖాళీ అయితే ఆరోగ్యంగా ఉన్నట్టు. అలాగని ఎక్కువ వేసేస్తే అడుగున కుళ్లి మొత్తానికే మోసం. రొయ్యల సాగంటే సగం మేత లెక్కే. పెట్టుబడిలో సగానికి పైగా ఫీడు సంచులకే పోతుంది మరి!

గింజ మీద పొర... గంటల్లో పరుగు

కథ మొదలయ్యేది చెరువు దగ్గర కాదు, రైసుమిల్లు దగ్గర. ఉండి, ఆకివీడు, తణుకు, తాడేపల్లిగూడెం... డెల్టాలో ఏ మూలకెళ్లినా ఊకతో మండే బాయిలర్లు, పొగగొట్టాలు కనిపిస్తాయి. 1852లో ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక ఈ నేల మొత్తం వరి మయమైంది. పచ్చటి చేలు తప్ప మరొకటి కనిపించని రోజులు చాలాకాలం నడిచాయి.

వంద కిలోల ధాన్యం మరలో వేస్తే ఇరవై కిలోల దాకా ఊక పోతుంది. తవుడు ఎనిమిది కిలోలు. అంటే మన 75 కిలోల బస్తాకు ఆరు కిలోలన్నమాట. చూడ్డానికి దుమ్ములా ఉంటుంది గానీ బియ్యంలోని సారమంతా అందులోనే ఉంది. కొవ్వు, మాంసకృత్తులు, బి విటమిన్లు, ఖనిజాలు... తెల్లటి అన్నం కోసం మనిషి వదిలేసుకున్నవన్నీ తవుడుకే దక్కాయి.

తవుడులో ఇంచుమించు 15 నుంచి 20 శాతం నూనె. అదే దాని బలం, అదే బలహీనత. గింజ మీద ఉన్నంతసేపూ క్షేమం. మరలో పడి పొర చిరిగిందో, అందులోనే ఉన్న లైపేజ్ అనే ఎంజైము నూనె మీద పడుతుంది. గంటలు గడిచేకొద్దీ చేదెక్కుతుంది, కంపు కొడుతుంది. అందుకే మిల్లు నుంచి నూనె తీసే సాల్వెంట్ ప్లాంటుకు తవుడు లారీలు పెళ్లికి ఆలస్యమైనట్టు పరుగెడతాయి. అక్కడ హెక్సేన్ అనే ద్రావకంతో నూనె లాగేస్తారు. శుద్ధి చేశాక అదే వంటింట్లో రైస్‌బ్రాన్ ఆయిల్. నూనె పోయాక మిగిలిన పొడికి ఈ ప్రాంతంలో అందరి నోటా ఒకటే పేరు... డీఓబీ. అంటే నూనె తీసిన తవుడు. దీనిలో మాంసకృత్తులు 15 శాతం అటూ ఇటూ. నూనె లేదు కాబట్టి నిల్వకు ఢోకా లేదు.

ఒక మిల్లు వదిలేసింది మరో మిల్లుకు ముడిసరుకు. అది వదిలేసింది చెరువుకు మేత. ఊక బాయిలర్లో మండుతుంది, బూడిద ఇటుక బట్టీకి చేరుతుంది. డెల్టాలో వ్యర్థం అనే మాటకు నిజానికి అర్థమే లేదు.

గోతాలు వేలాడే చెరువులు

ఆకివీడు దాటగానే ఉప్పుటేరు వంతెన. కొల్లేటి నీళ్లను సముద్రానికి మోసే ఏరిది. పోటు వేళ సముద్రం నుంచి ఉప్పునీరు ఎగదన్నుతుంది కూడా. వంతెన అవతల కైకలూరు. ఇక్కడి నుంచి పక్షుల రాజ్యం. ఆటపాకలో గూడబాతులు చెట్ల నిండా గూళ్లు కట్టి సందడి చేస్తుంటాయి. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన కొల్లేరు ఇదే. సరస్సు కడుపులో చెరువులు తవ్వేస్తే, 2006లో ప్రభుత్వం కొల్లేరు ఆపరేషన్ పేరిట వేలాది ఎకరాల గట్లు తెగ్గొట్టించిందీ ఇక్కడే. ఆ గాయాల గురించి ఏ టీకొట్టు దగ్గర కదిపినా రెండు వైపుల వాదనలూ వినొచ్చు.

తవుడుకు నీళ్లతో మొదట చుట్టరికం కలిపింది ఈ కైకలూరు, ఆకివీడు చేపల రైతులే. చెరువుల మధ్య కర్రలు పాతి ఉంటాయి. తాళ్లకు గోతాలు వేలాడుతుంటాయి. గోతాం అడుగున చిన్న చిన్న చిల్లులు. లోపల డీఓబీ, దానితో పాటు కాస్త వేరుశనగ చెక్కో, పత్తి చెక్కో. తెల్లారగానే పడవ మీద ఒకరు తెడ్డేస్తుంటే ఇంకొకరు గోతాలు కట్టుకుంటూ పోతారు. శీలావతి, బొచ్చె వచ్చి చిల్లుల దగ్గర మూతి పెట్టి లాక్కుంటాయి. చల్లితే నీళ్లపాలయ్యే మేత ఇలా చేప నోటికే అందుతుంది. పుస్తకాలు చూసి నేర్చుకున్నది కాదిది. ఆంధ్రా రైతు తిప్పలు పడి కనిపెట్టుకున్న పద్ధతి. తర్వాత శాస్త్రవేత్తలు వచ్చి రాసుకున్నారు.

అలాంటి చెరువుల్లోకి వనామి రొయ్యను కూడా వదలడం మొదలయ్యాక తవుడుకు కొత్త తిండిపోతు తోడైంది. ఉప్పు తక్కువగా ఉన్న నీళ్లలోనూ బతికేస్తుంది వనామి. పైన చేప, కింద రొయ్య. చేప వదిలిన తవుడు రేణువు మీద సూక్ష్మజీవులు పెరుగుతాయి, రొయ్య వాటిని ఏరుకు తింటుంది.

సంచిలో సముద్రం ఎంత? చేనెంత?

రొయ్య స్వతహాగా మాంసాహారి, శాకాహారి అన్న పట్టింపులేమీ లేనిది. దొరికిందల్లా తింటుంది. కానీ త్వరగా పెరగాలంటే మాంసకృత్తులు దండిగా కావాలి. కంపెనీ ఫీడులో 32 నుంచి 38 శాతం దాకా ఉండేది అందుకే. ఒకప్పుడు ఇందులో ఎక్కువ భాగం చేపల పొడి నుంచే వచ్చేది. కిలో పొడి తయారవ్వాలంటే నాలుగైదు కిలోల పచ్చి చేప కావాలి. రొయ్యను పెంచడానికి సముద్రాన్ని ఊడ్చడం ఏం న్యాయం? ధర్మం సంగతి అలా ఉంచినా ధర ఊరుకోలేదు. చేపల పొడి ఖరీదు పెరుగుతూ పోయింది. ఫీడు మిల్లులు మెల్లగా చేలవైపు తిరిగాయి.

అలా వచ్చింది సోయా పిండి. మధ్యప్రదేశ్, మహారాష్ట్రల్లో నూనె తీయగా మిగిలిన చెక్క రైలెక్కి, లారీలెక్కి గోదావరి జిల్లాలకు చేరుతుంది. గోధుమ పిండి, వేరుశనగ చెక్క, మొక్కజొన్న జిగురు పొడి, తవుడు దానికి తోడు. ఇటీవల ఇంకొకటి జతైంది. నూకల నుంచి, మొక్కజొన్న నుంచి పెట్రోల్లో కలిపే ఇథనాల్ తీస్తున్నారు కదా! పిండిపదార్థం సారాయిగా మారిపోగా మిగిలిన మడ్డిని ఎండబెడితే వచ్చే పొడి అది. బియ్యం నుంచి వచ్చిన దాంట్లో మాంసకృత్తులు నలభై శాతం దాటుతాయి. దీన్ని రొయ్యకు ఎంతవరకు పెట్టొచ్చన్న పరీక్షలు సాగుతున్నాయి.

ఇంత సులువైతే ఫీడంతా చెక్కతోనే చేసేయొచ్చు కదా అనిపిస్తుంది. అక్కడే ఉంది మెలిక.

మొక్కకు కాళ్లు లేవు. తినడానికొచ్చిన పురుగు నుంచి పారిపోలేదు. కాబట్టి గింజలోనే విషపు కత్తులు దాచుకుంటుంది. సోయాలో ఉండే ట్రిప్సిన్ నిరోధకాలు తిన్న జీవికి మాంసకృత్తులు అరగనీయవు. సరైన వేడి తగిలితేనే అవి నశిస్తాయి. పత్తి గింజలో గాసిపాల్ ఉంటుంది. తవుడులోని భాస్వరంలో చాలావరకు ఫైటేట్ అనే తాళం కప్పలో ఇరుక్కుని ఉంటుంది. ఆ తాళం తీసే చెవి రొయ్య దగ్గర లేదు. తిన్న భాస్వరం తిన్నట్టే చెరువులోకి పోతుంది. నీళ్లు పచ్చబడతాయి. ఫైటేజ్ అనే ఎంజైమును ఫీడులో కలిపేది ఆ తాళం తీయడానికే. తవుడును పులియబెడితే కూడా కొంత తాళం వీడుతుంది. గట్టు మీది డ్రమ్ము వెనకున్న అసలు రహస్యాల్లో ఇదొకటి.

వేరుశనగ చెక్కతో ఇంకో గండం. తేమ తగిలితే బూజు పడుతుంది, బూజుతో పాటు అఫ్లాటాక్సిన్ పుడుతుంది. అది నేరుగా రొయ్య కాలేయాన్ని దెబ్బతీస్తుంది. నైరుతి వానల్లో డెల్టా గోడౌన్లలో చెక్క నిల్వ పెట్టడమంటే కత్తి మీద సామే!

వీటన్నింటికీ తోడు లైసిన్, మెథియోనిన్ లాంటి కొన్ని అమైనో ఆమ్లాలు గింజల్లో తక్కువ. కొలెస్ట్రాల్ అయితే మరీ విచిత్రం. మనం వద్దు వద్దంటున్నా మన ఒంట్లో తయారవుతుంది. రొయ్యకు కావాలన్నా తయారు చేసుకోలేదు. పొట్టు విడవాలంటే కొలెస్ట్రాల్ ఉండాలి, అది తిండితోనే రావాలి. మొక్కల్లో అది దాదాపు లేనట్టే. అందుకే ఎంత చెక్క కలిపినా ఫీడు సంచిలో సముద్రానికి ఇంకా కొంత చోటు మిగులుతూనే ఉంది. ఈ లెక్కలన్నీ సరిచూసుకుని చెన్నైలోని కేంద్రీయ ఉప్పునీటి జలజీవుల పరిశోధన సంస్థ ‘సీబా’ శాస్త్రవేత్తలు దేశీ సరుకుతో ‘వనామి ప్లస్’ అనే మేత రూపొందించారు. మనకు దొరికే ముడిసరుకుతో, తక్కువ ఖర్చుతో రొయ్యను పెంచొచ్చని చూపించడం దాని ఉద్దేశం.

బెల్లం లెక్క

భీమవరంలో ఆక్వా మందుల దుకాణాల మధ్య బెల్లం దిమ్మలు, ఈస్టు పొట్లాలు కనిపిస్తే కొత్తవాళ్లకు వింతగా ఉంటుంది. అనకాపల్లి బెల్లం దేవుడి ప్రసాదానికే కాదు, చెరువు శుద్ధికీ పనికొస్తుందని ఈ ఊరికి ఎప్పుడో తెలిసింది.

లెక్క ఇలా ఉంటుంది. 35 శాతం మాంసకృత్తులున్న మేత వంద కిలోలు వేశారనుకోండి. మాంసకృత్తుల్లో 16 శాతం నత్రజని. అంటే చెరువులోకి 5.6 కిలోల నత్రజని దిగినట్టు. రొయ్య ఒంటికి పట్టేది అందులో పావు వంతు అటూ ఇటూ. మిగిలింది విసర్జనగా, అమోనియాగా నీళ్లలో చేరుతుంది. అమోనియా పెరిగితే రొయ్య మేత మానేస్తుంది, నీరసిస్తుంది, రోగానికి దారిస్తుంది.

నీళ్లలో ఉండే కొన్ని రకాల బ్యాక్టీరియాకు ఈ అమోనియా ఇష్టమైన ఆహారమే. కాకపోతే అన్నం లేకుండా ఒట్టి కూర తినలేనట్టు, కర్బనం లేకుండా అవి నత్రజనిని తినలేవు. ఆ కర్బనమే బెల్లం, మడ్డి, తవుడు! ఇజ్రాయెల్ శాస్త్రవేత్త యోరామ్ అవ్నిమెలెక్ ఈ సూత్రానికి లెక్క కట్టాడు. కిలో అమోనియా నత్రజని కట్టడి కావాలంటే దాదాపు 20 కిలోల పిండిపదార్థం కావాలి. వేసిన నత్రజనిలో సగం అమోనియాగా మారుతుందనుకుంటే వంద కిలోల మేతకు యాభై కిలోల పైచిలుకు అన్నమాట. మామూలు చెరువుల్లో నాచు కూడా కొంత అమోనియాను వాడుకుంటుంది కాబట్టి రైతులు ఇంతకన్నా చాలా తక్కువే వేస్తారు. ఇలా పెరిగిన బ్యాక్టీరియా, నాచు, తవుడు నలుసులు కలిసి తెట్టెలు కడతాయి. వాటినే బయోఫ్లాక్ అంటారు. రొయ్య వాటినీ తింటుంది. అంటే నిన్నటి మలం నేడు మళ్లీ మేత!

థాయిలాండ్ రైతులు దీన్ని ఇంకో మెట్టు ఎక్కించారు. పులియబెట్టిన తవుడుతో చెరువులో కోపీపాడ్లనే సూక్ష్మ జీవుల్ని పెంచుతారు. ప్రకృతిలో రొయ్య పిల్ల తినేది వాటినే. పిల్ల వదలడానికి ముందే చెరువును విస్తరిలా సిద్ధం చేస్తారన్నమాట. ఆ పద్ధతి కబుర్లు మన గట్లకూ చేరాయి. తవుడు డ్రమ్ముల సంఖ్య పెరగడానికి అదో కారణం.

అయితే బెల్లం తీపిలోనూ ప్రమాదం ఉంది. బ్యాక్టీరియా పెరిగితే అవీ ఊపిరి పీలుస్తాయి. బెల్లం పోసిన రాత్రి చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది. లీటరుకు నాలుగు మిల్లీగ్రాముల కంటే దిగిందంటే కష్టకాలమే. ఆ సమయంలో కరెంటు పోయి జనరేటర్ మొరాయిస్తే నాలుగు నెలల కష్టం తెల్లారేసరికి నీళ్ల మీద తేలుతుంది. పక్క చెరువు రైతు రెండు బకెట్లు పోశాడని మనమూ పోస్తే సరిపోదు. ఎన్ని ఏరియేటర్లున్నాయి, ఎంత పిల్ల ఉంది, నీళ్ల పరీక్ష ఏం చెబుతోంది... ఇవన్నీ చూసుకున్నాకే బకెట్ ఎత్తాలి.

నీలి రక్తం చెప్పిన రహస్యం

చెరువులో పిల్ల వదలడానికి ముందు జరిగే తంతు ఇంకొకటుంది. నీళ్లలో మిగిలిపోయిన కొర్రమీను లాంటి వేట చేపల్ని చంపాలి. లేదంటే పిల్ల మొత్తం వాటి కడుపులోకే. దీనికి వాడేది ఇప్పపిండి. మన్యంలో ఇప్ప గింజల నుంచి నూనె తీశాక మిగిలే చెక్క. ఇందులో నురుగు పుట్టించే సపోనిన్ ఉంటుంది. అది చేప మొప్పల్ని, రక్తకణాల్ని దెబ్బతీస్తుంది. రెండు మూడు వారాలకు ఆ విషం విరిగిపోతుంది. చెక్క కాస్తా ఎరువై నీళ్లకు సత్తువ ఇస్తుంది. చంపిందే సాకుతుంది!

ఇలాంటిదే తేయాకు గింజల పిండి. దీని గొప్పేమిటంటే, తగిన మోతాదులో వేస్తే రొయ్యలున్న చెరువులోనే చేపను మాత్రం ఏరి చంపుతుంది. ఎలా? రొయ్యకు మనలా ఎర్ర రక్తకణాలు లేవు. దాని రక్తంలో ప్రాణవాయువును మోసేది ఇనుము కాదు, రాగి. అందుకే దాని రక్తం నీలి ఛాయలో ఉంటుంది. చేపను పడగొట్టిన మందు ఆ నీలి రక్తాన్ని అంత తేలిగ్గా ఏమీ చేయలేదు.

ఇక వంటింటి వైద్యం సంగతి. వెల్లుల్లి ముద్ద నూరి, జిగురు కలిపి, మేతకు పట్టించి నీడలో ఆరబెట్టడం చాలా గట్ల మీద కనిపించే దృశ్యమే. పసుపు, జామాకు, వేపాకు, అల్లం... ఒక్కో రైతుది ఒక్కో చిట్కా. ఇవేవీ ఒట్టి మూఢనమ్మకాలు కావు. వెల్లుల్లిలోని అల్లిసిన్, పసుపులోని కర్కుమిన్ హానికర బ్యాక్టీరియాను అదుపు చేస్తాయని, రొయ్య రోగనిరోధక శక్తిని పెంచుతాయని ప్రయోగశాలల్లో తేలింది. కానీ తొట్టిలో తేలింది వేరు, ఎకరం చెరువులో తేలాల్సింది వేరు. మోతాదు ఎంత, ఎన్నాళ్లు పెట్టాలి, నీళ్లలో పడ్డాక ఎంత కరిగిపోతుంది? ఒక్కో చెరువుకు ఒక్కో జవాబు. తెల్లమచ్చ వైరస్‌కు మందు లేదు. రొయ్య ఎదుగుదలను బిగబట్టే ఈహెచ్‌పీకీ నిరూపితమైన చికిత్స లేదు. వెల్లుల్లి వాటిని నయం చేస్తుందని ఎవరైనా సీసా అమ్మితే నమ్మకూడదు. మూలికల పేరుతో రంగురంగుల డబ్బాలు దుకాణాల్లో బారులు తీరి ఉంటాయి. వాటిలో ఏముందో అన్ని లేబుళ్లూ చెప్పవు. మేతల నాణ్యత కోసం ఆంధ్రప్రదేశ్ 2020లో ప్రత్యేకంగా చట్టమే తెచ్చుకోవాల్సి వచ్చింది.

మరి ఆకు, అల్లం వైపు రైతు ఎందుకు చూస్తున్నట్టు? యాంటీబయాటిక్ భయం! క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటివి రొయ్యల సాగులో నిషిద్ధం. వాటి ఛాయ కనిపించినా కంటైనర్ వెనక్కి వస్తుంది. 2016లో యూరప్ మన సాగు రొయ్యల సరుకులో సగం కంటైనర్లను పరీక్షించి తీరాలని నిబంధన బిగించింది. అప్పటి నుంచి ‘ఏం వేశావు’ అన్న ప్రశ్న ఎగుమతిదారు నుంచి గట్టు మీది రైతు దాకా వచ్చింది. ఆ ప్రశ్నకు ధైర్యంగా చెప్పగలిగే జవాబు వెల్లుల్లి.

మూడుసార్లు పడి... మూడుసార్లు లేచి

డెల్టాకు రొయ్య నేర్పిన పాఠాలు తక్కువేమీ కావు. తొంభైల మొదట్లో టైగర్ రొయ్య డాలర్లు కురిపించింది. రాత్రికి రాత్రే మేడలు లేచాయి. 1994, 95ల్లో తెల్లమచ్చ వచ్చి అంతా ఊడ్చుకుపోయింది. 1996 డిసెంబరులో తీరప్రాంత చెరువులపై సుప్రీంకోర్టు తీర్పు పిడుగులా పడింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చాక గానీ దారి తేటపడలేదు. మధ్యలో మంచినీటి నీలకంఠ రొయ్య వచ్చి కొన్నాళ్లు ఆదుకుంది. దానికీ రోగాలు తప్పలేదు. 2009లో పసిఫిక్ తీరపు వనామికి అనుమతి దొరికింది. అప్పటి నుంచి మళ్లీ పరుగు.

2023-24లో మన దేశం 7.16 లక్షల టన్నుల శీతలీకరించిన రొయ్యల్ని ఎగుమతి చేసింది. అందులో 2.97 లక్షల టన్నులు ఒక్క అమెరికాకే. సాగు రొయ్యలో పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్‌ది. అంటే అక్కడి పళ్లెంలోని రొయ్యకు, ఇక్కడి కౌలు రైతు కంచానికి నేరుగా దారం ఉంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆ దారం ఎంత గట్టిగా లాగిందో గోదావరి జిల్లాల్లో ఏ చెరువు గట్టునడిగినా చెబుతారు. కౌంటు ధర పడిపోయింది. పిల్ల వేయాలా, చెరువు ఎండబెట్టాలా అన్న మీమాంస మొదలైంది.

ధర రైతు చేతిలో లేదు. సుంకం అసలే లేదు. చేతిలో ఉన్నది ఒక్కటే, మేత ఖర్చు. టన్ను రొయ్య తీయడానికి టన్నున్నర మేత పట్టే చోట, ఆ నిష్పత్తి 1.5 నుంచి 1.4కి దిగితే టన్నుకు వంద కిలోల మేత మిగిలినట్టు. సొంత భూమి ఉన్న పెద్ద రైతుకు అది లాభం. ఎకరం రెండెకరాలు కౌలుకు తీసుకుని, ఫీడు అరువు తెచ్చుకునే చిన్న రైతుకు అది వచ్చే పంట వేయగలడా లేదా అన్న ప్రశ్న. తవుడు డ్రమ్ము దగ్గర తెల్లవారుజామున నిలబడేది ఆ ప్రశ్నే.

చేనా? చెరువా?

తవుడుకూ గిరాకీ పెరిగింది. గేదెలకు కావాలి, కోళ్లకు కావాలి, చేపలకు కావాలి, ఇప్పుడు రొయ్యకూ కావాలి. పశువుల దాణా ధరలు మండిపోతున్నాయని 2023 జులైలో కేంద్రం డీఓబీ ఎగుమతినే నిషేధించింది. గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ 2025 దాకా లాక్కొచ్చింది. ఎవరూ పట్టించుకోని దుమ్ము కాస్తా ఢిల్లీ గెజిట్‌కెక్కిందన్నమాట!

ఇక్కడే డెల్టా తనను తాను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. రొయ్య తినే తవుడు వరి చేలోంచి రావాలి. ఆ వరి చేలేమో ఏటికేడాది రొయ్యల చెరువులవుతున్నాయి. ఒక రైతు చెరువు తవ్వితే పక్క చేనులోకి ఉప్పు ఊట దిగుతుంది. నారు ఎర్రబారుతుంది. ఇష్టమున్నా లేకున్నా రెండేళ్లకు ఆ రైతూ చెరువు తవ్వుతాడు. మధ్యలో ఊరి మంచినీళ్లు ఉప్పెక్కుతాయి. ‘‘కాలువ పక్క ఊరండి, తాగేవి మాత్రం క్యాన్ నీళ్లండి’’ అనే మాట ఈ పల్లెల్లో ఇప్పుడు వింత కాదు. అమ్మను మింగి బిడ్డ బతకదన్న సంగతి రొయ్యకు తెలియకపోవచ్చు. పెంచేవాళ్లకు తెలియాలి.

తవుడు, చెక్క, బెల్లం నేర్పే అసలు పాఠం కూడా అదే. ఒకరి మిగులు ఇంకొకరి ఆకలి తీర్చినంత కాలం గొలుసు నడుస్తుంది. చెరువు మురుగును శుద్ధి చేయకుండా కాలువలోకి వదిలితే అదే గొలుసు తెగిపోతుంది. మేత ఎంత బాగా ఒంటబడితే మురుగు అంత తక్కువ. తవుడును సరిగా పులియబెట్టుకున్న రైతు తన ఖర్చే కాదు, కింది ఊరి కష్టాన్నీ కొంత తగ్గిస్తున్నాడు.

సాయంత్రానికి భీమవరం గునుపూడి సోమేశ్వరాలయంలో దీపాలు వెలుగుతాయి. ఇక్కడి శివలింగం పౌర్ణమికి తెల్లగా, అమావాస్యకు నల్లగా మారుతుందని ప్రతీతి. గుళ్లో దణ్ణం పెట్టుకుని బయటకొచ్చే రొయ్యల రైతు కూడా ఆకాశం వైపు ఓసారి చూస్తాడు. అమావాస్య, పౌర్ణములకు రొయ్య ఎక్కువగా పొట్టు విడుస్తుందని ఈ ప్రాంతంలో గట్టి నమ్మకం. పొట్టు విడిచిన రొయ్య మెత్తగా, నిస్సహాయంగా ఉంటుంది. ఆ పూట మేత తినదు. తోటి రొయ్యే దాన్ని తినేయొచ్చు. కొత్త పొట్టు గట్టిపడే దాకా కాపాడుకోవాలి.

‘‘రేపు పౌర్ణమి కదండీ, మేత తగ్గించమంటారా?’’ ఫోన్లో కాపలా కుర్రాడు.

‘‘ఆయ్, తగ్గించు. ఏరియేటర్లు మాత్రం ఆపమాకు. డ్రమ్ములో తవుడు కలిపావా?’’

‘‘కలిపేశానండి. తెల్లారేసరికి పులుస్తుందండి.’’

రోడ్డు మీద బస్తాలేసుకుని తవుడు లారీ ఒకటి ఆకివీడు వైపు సాగిపోతుంది. దాని వెనకాలే ఐసు పెట్టెల్లో రొయ్యలు నింపుకున్న వ్యాను. ఒకటి చేను మిగిల్చింది, ఇంకొకటి చెరువు ఇచ్చింది. ఈ రెండూ ఒకే రోడ్డు మీద ఎదురుపడుతున్నంత కాలం డెల్టాకు దిగుల్లేదు. తవుడు లారీ రావడం మానేసిన రోజే భయపడాలి.